ముద్దమాట

"పోలీస్ కంట్రోల్ రూమ్. చెప్పండి."

"మేడమ్, ఇక్కడ పెద్ద గొడవ! ట్యాంకర్ దగ్గర బిందెలతో బాదుకుంటున్నారు. ఎవరినైనా పంపండి!"

పైపుల పని మొదలైన దగ్గర్నుంచీ సగం ఊరికి కుళాయిలు ఎండిపోయాయి. పొద్దుట్నుంచీ ఆపరేటర్ చెవిలో పడుతున్నది ఒకటే మాట. గొడవ. ఫలానా వీధిలో గొడవ, ఫలానా సందులో గొడవ.

"ఇవాళ ఊళ్లో నీళ్లు తప్ప అన్నీ పారుతున్నాయే" అంది పక్క సీటావిడ.

ఆపరేటర్ నవ్వేలోపే మళ్లీ ఫోన్ మోగింది.

ఈసారి ఎవరో పెద్దాయన. నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడుతున్నట్టుంది.

"అమ్మా... పిల్లలు... గొడవ పడేలా ఉంది..."

"ఎక్కడండీ?"

మందుల షాపు వెనక సందు అని అర్థం కావడానికే మూడుసార్లు అడగాల్సి వచ్చింది.

"ట్యాంకర్ వచ్చిందా?"

"రాలేదు... బిందెలు పెట్టుకుని కూర్చున్నారు... గొడవ... తొందరగా..."

"చిన్నపిల్లల గొడవే కదా తాతగారూ, మీరే కాస్త సర్దిచెప్పండి."

"కాదు... కాదమ్మా... పడితే... చచ్చిపోతారు..."

"కొంచెం నోరు తెరిచి స్పష్టంగా చెప్పండి."

అవతల ఊపిరి మాత్రం వినిపించింది. తర్వాత ఆయన ఒక్కో అక్షరాన్నీ కూడదీసుకుంటున్నట్టు మళ్లీ చెప్పాడు. కష్టపడినకొద్దీ మాట ఇంకా ముద్దయింది.

"సరే సరే, బండిని పంపిస్తాను. కంగారు పడకండి."

పంపుతాననే అనుకుంది. కానీ ఉన్న బండ్లన్నీ తలలు పగిలినచోటికే పరుగెడుతున్నాయి. పిల్లల తగువు కదా, కాస్త ఆగినా ఫర్వాలేదనుకుంది.

ఆగింది.

భోజనాలవేళ కబురొచ్చింది. మందుల షాపు వెనక సందులో పాతగోడ కూలిపోయింది. పైపుల కోసం దాని పునాది పక్కనే తవ్వి వదిలేశారట. ఒక ముసలాయన పోయాడు.

అక్కణ్నుంచి తిరిగొచ్చిన పోలీసు బండి డ్రైవర్ చెప్పాడు.

"ఆ గోడ నీడలోనే పిల్లలు లైన్లో కూర్చున్నారు మేడమ్. ఈయన చేతికర్ర ఊపుకుంటూ వచ్చి ఏదో అరిచాడట. ఎవరికీ అర్థం కాలేదు. పిల్లలు నవ్వారట. దాంతో వాళ్ల బిందెలన్నీ ఒక్కొక్కటే లాగి రోడ్డు మీదికి విసిరాడు. పిల్లలు ఏడ్చుకుంటూ బిందెల వెంట పరుగెత్తారు. ఒకడి తల్లయితే, మతిపోయిందా ముసలాడా అని తిట్టుకుంటూ ఇంట్లోంచి వస్తోందట. అంతలో..."

"ఆయన తప్పుకోలేకపోయాడా?"

"ఒక కాలు ఈడుస్తాడట మేడమ్."

సాయంత్రం సూపర్‌వైజర్ ఆమెను గదిలోకి పిలిచి ఆ కాల్ రికార్డింగు పెట్టాడు.

"అమ్మా... పిల్లలు... గోడ పడేలా ఉంది..."

మాట ముద్దగానే ఉంది. కానీ గోడ అనే అంటున్నాడు. అన్నిసార్లూ గోడ అనే అన్నాడు.

"ఇది కాదు సార్" అంది ఆమె. "నేను విన్నది ఇది కాదు. ఒట్టు."

సూపర్‌వైజర్ పొద్దుటి రికార్డింగులన్నీ తెరిచాడు. హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఆమె పొద్దున్నుంచీ తీసుకున్న కాల్స్ వరసగా వినడం మొదలుపెట్టాడు. గొడవ, గొడవ, గొడవ. ఆమె ఎదురుగా నిలబడే ఉంది. ముసలాయన కాల్ వచ్చేసరికి సూపర్‌వైజర్ మొహం మారిపోయింది.

మెల్లగా హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు.

"నాక్కూడా గొడవ అనే వినిపించిందమ్మా. గోడ అని తెలిసి వింటున్నా కూడా."

ఆయన రికార్డింగు ఆపేశాడు.

"చెవి అంతే. అప్పటిదాకా ఏది పడుతుంటే ఆ తర్వాతదీ అలాగే వినిపిస్తుంది. నీ స్థానంలో ఎవరున్నా ఇంతే జరిగేది. పైవాళ్లకీ అదే చెబుతాను. నీ తప్పేమీ లేదు."

"మరి ఎవరిది సార్?"

ఆయన కంప్యూటర్ కట్టేసి, వెళ్లి సీట్లో కూర్చోమన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఆమెకి. ఉద్యోగంలోంచి తీసేసినా బాగుండేది. ఎవరూ ఏమీ అనలేదు. పక్క సీటావిడ టీ తెచ్చిచ్చింది. ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. ప్రతి మాటనీ రెండుసార్లు చెప్పించుకుంది. "ఏంటమ్మా, చెవుడా?" అని ఒకడు విసుక్కున్నాడు. అవునండీ అంది.

మర్నాడు సెలవు పెట్టి ఆ ముసలాయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది.

ఆయన భార్య, పెద్దావిడ, ఒక్కతే ఉంది. గోడవారగా వాలుకుర్చీ, పక్కన మందుల డబ్బా.

"నిన్న ఆయన ఫోన్ చేసింది నాకేనమ్మా" అంది ఆపరేటర్. గుమ్మం బయటే నిలబడింది. "ఆయన గోడ అన్నారు. నాకు వేరేగా వినిపించింది."

కేకలేస్తుందనుకుంది. తలుపేసేస్తుందనుకుంది.

"లోపలికి రా" అంది పెద్దావిడ. "నువ్వు మాత్రం ఏం చేస్తావు తల్లీ. పక్షవాతం వచ్చాక ఆయన మాట నాకే సగం తెలిసేది కాదు. మంచినీళ్లు అడిగితే మందుబిళ్ల ఇచ్చేదాన్ని. కోపం వచ్చేది కాదు, ఆ బిళ్లే మింగేసేవారు."

ఆపరేటర్ నేల మీదే కూలబడి ఏడ్చింది. పెద్దావిడ ఆపలేదు, ఓదార్చనూ లేదు. తనూ పక్కన కూర్చుంది.

చాలాసేపటికి, ఏదో ఒకటి మాట్లాడాలి కనక, ఆపరేటర్ అడిగింది.

"ఆయన ఏం చేసేవారమ్మా?"

"రేడియోలో మాట్లాడేవారు" అంది పెద్దావిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ. "మీ కంట్రోల్ రూముకి ఎవరు ఫోన్ చేసినా, మీరు ఎత్తేలోపు ఒక గొంతు వినిపిస్తుంది చూడు, 'భయపడకండి, మీరు చెప్పేది మేం వింటున్నాం' అని, అది ఆయనదే."