కరివేపాకు మొదట్లో తడి

కృపారాణి పొద్దుటి నుంచి గేటు దాకా పదిసార్లు పోయి వచ్చింది.

పదకొండు గంటలకు విస్కీ కంపెనీ నుంచి పెద్దసారు వస్తాడు.

కూతురు సాయిలతకు అక్కడ విస్కీ రుచి చూసి, మంచిచెడ్డలు తేల్చే ఉద్యోగం వచ్చింది. తల్లి సరేనంటే సోమవారమే చేరాలి. భర్త యోబును తాగుడే మింగింది. ఇప్పుడు బిడ్డనూ ఆ సీసాల మధ్యకు పంపాలా?

"మా పెద్దాఫీసరుతోని ఒక్కసారి మాట్లాడమ్మా. ఆ తర్వాత నువ్వు వద్దంటే పోను" అని చెప్పి, సాయిలత ఎల్లారెడ్డి బస్టాండుకు ఎదురు వెళ్లింది.

గేటు చప్పుడైంది. సారు కాదు. నూలు చీర, చేతిసంచి, యాభై దాటిన ఆడమనిషి.

"సాయిలత ఇల్లు ఇదేనా చెల్లె? కామారెడ్డి కాంచి ఆటోల వచ్చిన."

"ఇదే. బిడ్డ బస్టాండుకు పోయింది. కూసో అక్కా."

"గ్లాసుల జర నీళ్లియ్యి."

నీళ్లిచ్చి, పొయ్యి మీద సర్వపిండి మాడుతుందేమోనని కృపారాణి లోపలికి ఉరికింది.

తిరిగి వచ్చేసరికి వాసన. ఆరేళ్లుగా ఆ ఇంట్లో లేని వాసన.

వచ్చినామె సంచిలోని చిన్న సీసా మూత విప్పి, నీళ్లలో కలిపి, గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంది. ఒక గుక్క నోట్లో పోసుకుని పుక్కిలించింది. అరుగు మీంచి వంగి కరివేపాకు చెట్టు మొదట్లో ఉమ్మింది.

యోబు కూడా అక్కడే వంగి కక్కేవాడు.

"ఏందిది? పట్టపగలు నా గడపల తాగుతవా?"

"తాగలే చెల్లె. నీకు చూపిద్దామనే. ఇది అమెరికాది, కలిపిన సరుకు. అయిదు పాళ్లల్ల ఒక్క పాలే అసలు విస్కీ, మిగిలింది ఉత్త స్పిరిటు. ముందుగాల బెల్లం పాకం లెక్క ఉంటది, నాలుక ఎనుకకు పొయ్యేసరికి ఏమీ ఉండది."

"ఇంత ఎరుకైందంటే ఎన్ని పీపాలు తాగినవో."

ఆమె నవ్వింది. "అందరూ గట్లనే అంటరు. జర కూసో, చెప్త."

"మా ఆయన గూడ కూసోబెట్టి చెప్తుండె, ఇదే ఆఖరిదని. లే ముందుగాల. పెద్దసారు వచ్చే యాళ్లయింది. నిన్ను చూస్తే నా బిడ్డను ఏమనుకుంటడు?"

ఆమె గోడ మీది యోబు ఫొటో చూసింది. గ్లాసు కడిగి, అరుగు మీద బోర్లించింది.

"నీ భయం తప్పు కాదు చెల్లె" అని వెళ్లిపోయింది.

పదకొండున్నరకు సాయిలత చెమటలు కక్కుతూ వచ్చింది.

"ఏ బస్సుల నుంచీ దిగలే. ఇటు గిట్ల వచ్చిందా, మా సలోమి మేడం?"

"మేడమా? సారన్నవు గదనే."

"పెద్దాఫీసరనే అన్న. సారని నువ్వే అనుకున్నవ్."

అంతలో సాయిలత ఫోను మోగి ఆగింది. మేడం పంపిన మెసేజి చదివి, అరుగు మీద కూలబడింది.

'మీ అమ్మ మనసు కష్టపెట్టకు బిడ్డా. ఆ జాగ ఇంకో పిల్లకు ఇస్తున్న.'

కృపారాణి కరివేపాకు మొదట్లోకి చూసింది. తడి ఇంకా ఆరలేదు.

"ఆమె... తాగుతది గదనే?"

"ముప్పై ఏండ్ల సంది రోజుకు యాభై రకాలు నాలుక మీద ఏసుకొని, ఒక్క చుక్క మింగని మనిషిని నీకు కండ్లార చూపిద్దామనే పిలిచిన గదమ్మా."