ఒక్క శనగ తేడా

శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి దోహాలోని మెసైమీర్‌లో, కార్మికులుండే ఒక విల్లాలో మెస్ లీడర్ ఎన్నిక జరిగింది. ముత్యం చేతిలో ఖయ్యూమ్ ఓడిపోయాడు.

అక్కడ కాగితం వాడరు. ముత్యానికి వేసేవాళ్లు శనగ, ఖయ్యూమ్‌కు వేసేవాళ్లు పెసర గుప్పిట్లో పట్టుకొచ్చి కుక్కర్ గిన్నెలో వేస్తారు. మెస్‌లో తిననివాడు లెక్కపెట్టాలి. తిననివాడు దెస్మండ్ ఒక్కడే. సెక్యూరిటీ గార్డు. కరేబియన్ దీవివాడు.

లెక్కపెడుతుంటే ఖయ్యూమ్ వంటగదిలోకి వచ్చాడు.

"ఎంత తేడా?"

"ఒకటి. ముత్యం గెలిచాడు."

"ఒక్క శనగ తీసి పెసర వెయ్యి. ఎవనికి తెలుస్తది?"

"లెక్క అయిపోయింది భాయ్."

దెస్మండ్ బయటికొచ్చి ముత్యం పేరు చెప్పాడు.

"ఖయ్యూమ్ భాయ్, ఇగ ఉల్లిగడ్డలు నువ్వే కొయ్యాలె!" అన్నాడు మెస్‌లో తినే గౌస్. అందరూ నవ్వారు.

ఖయ్యూమ్ ఫోన్ తీసి దెస్మండ్ మొహం ముందు పెట్టాడు.

"సూడుండ్రి, ఓట్ల దొంగ! వీళ్ల దేశంల ఎలక్షన్ లొల్లి ఇంకా తెగలే. అక్కడ దొంగతనం జేసి దోహాకు ఉరికొచ్చిండు."

దెస్మండ్ చేయి అడ్డం పెట్టాడు.

"వీడియో మాఫీ, వద్దు భాయ్! నేను సముద్రంలో మునిగిపోయానని మా చెల్లెలు పోలీసులకు చెప్పింది. బతికున్నానని తెలిస్తే తనను వదలరు."

"అయితే దొంగవే!"

సాయంత్రానికి వీడియో టిక్‌టాక్‌లో ఉంది. కింద దెస్మండ్ పేరు, అతని దేశం పేరు, మెసైమీర్.

ఆదివారం అతని చెల్లెలిని అరెస్టు చేశారు.

దెస్మండ్ బ్యాగు సర్దుకున్నాడు.

"యాడికి?" అన్నాడు ముత్యం.

"ఇంటికి. నేను వెళితే తనను వదిలేస్తారు."

గుమ్మం దగ్గర ఖయ్యూమ్ ఎదురయ్యాడు.

"దిల్‌ల పెట్టుకోకు భాయ్. తమాషాకు జేసిన."

"అది తీసెయ్."

"లక్ష మంది సూసిన్రు. ఇప్పుడెట్ల తీస్త?"

మంగళవారం దెస్మండ్ స్వదేశంలో విమానం దిగాడు. మెట్ల దగ్గరే పట్టుకున్నారు.

గురువారం భోజనాల దగ్గర గౌస్ ఫోన్‌లో వార్త చదివి వినిపించాడు.

చెల్లెలిని విడుదల చేయలేదు.

దెస్మండ్ జైల్లో చనిపోయాడు.

అతను ఆ దేశ ప్రధాన ఎన్నికల అధికారి. ఓడిపోయిన అధ్యక్షుడు గెలిచినట్టు ప్రకటించమంటే, ప్రకటించనని దేశం విడిచి వచ్చాడు.