మూడో వరుస

మా ఊళ్ళో తెలుగు మాట్లాడని ఇల్లు లేదు, ఉండేది తమిళ బడే కాబట్టి తెలుగు చదవను వచ్చిన మనిషీ లేడు. అయినా మా సంఘం ప్రెసిడెంటు వీరాసామి, ఊరి చరిత్రను మద్రాసులో ఎవరితోనో తెలుగులో రాయించి, రాయి మీద చెక్కించి, కిరుమాంబాక్కం రోడ్డు పక్కన నిలబెట్టినాడు.

"ఈ ఊరికి మొదటి బావి తవ్వింది మా తాత. ఆయన పేరు యాడ?" అని అందరి ముందర నేను నిలదీసినా.

వీరాసామి మూడో వరుస మీద వేలు పెట్టి, చదివినట్టే చెప్పినాడు. "ఇదో, మీ తాతే కదా, అన్నమ్మాళక్కా!"

ఏడాదిగా ప్రతి శుక్రవారం ఆ వరుసకు పసుపు, కుంకుమ పెడతా వచ్చినా. నన్ను చూసి ఊరి ఆడోళ్ళంతా పెట్టినారు.

నిన్న నెల్లూరు లారీ డ్రైవరు ఒకాయన టీ తాగతా ఆ రాయి చదివినాడు. మూడో వరుసలో ఉండేది "ఈ రాయి ఇచ్చినవారు వీరాసామి" అంట. మా తాత పేరు యాడా లేదంట.

సాయంత్రానికి వీరాసామి పరిగెత్తుకొని వచ్చినాడు. "డ్రైవరు రాయి చదివినాడంట గదా అక్కా, నా పేరు ఏ వరుసలో ఉందన్నాడు?"

చదవను రాని మొగానికి చరిత్ర ఒకటి!

"నీ పేరు యాడా లేదన్నాడప్పా," అన్నా. "మూడో వరుసలో మా తాతే ఉండాడంట."