లంక పొలం పట్టా

"ముందు ఇది రికార్డు చెయ్యండి మేడమ్. మా ఊరి బసవపున్నయ్య మా నోట్లో మట్టి కొట్టాడు. ఆ లంక పొలముంటే నేను ఏడో క్లాసులో బడి మానేవాణ్ణా?" అన్నాడు తిరుపతిరావు.

భవానీపురంలో వాళ్ల అద్దె పోర్షన్. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో ఊళ్లలో ఏం జరిగిందో పెద్దవాళ్ల చేత చెప్పించి దాచే పని ఉషశ్రీది. సెల్‌ఫోన్ స్టూలు మీద పెట్టి, అతని నాయనమ్మ సుబ్బరత్నం వైపు తిరిగింది.

"మామ్మగారూ, మొదటి ఓటు గుర్తుందాండీ?"

తొంభై ఆరేళ్ల మొహం విప్పారింది. "ఎందుకుండదే తల్లీ! అప్పుడు గుర్తుకో పెట్టె. పట్టుచీర కట్టుకెళ్లి, పెట్టెకి దణ్ణం పెట్టి మరీ చీటీ వేశా. బయటికి రాగానే వీళ్ల తాత, 'ఏవే, ఎవరికేశావ్?' అన్నారు. 'మీకెందుకు చెప్తానూ!' అన్నా. ఇంటిదాకా నవ్వుతూనే ఉన్నారు."

"ఆ సోదంతా ఎందుకే! పొలం సంగతి చెప్పు."

"వస్తున్నా బుజ్జీ. ఆ ఏడాది చివర్లోనే ఆంధ్ర రాష్ట్రం కావాలని ఆయన మద్రాసు వెళ్లారు. అప్పుడే లంక భూములు పంచారు. ఆయన బదులు నేనెళ్లి నిలబడ్డా. 'మీ ఆయన పేరు?' అన్నాడు తాసీల్దారు."

"వెనకున్న బసవపున్నయ్య తన పేరు రాయించేసుకున్నాడు. అంతేగా?"

"అతన్ననకురా, కళ్లు పోతాయ్. 'చెప్పమ్మా, చెప్పు' అని పాపం చెమటలు కక్కాడు. పక్కవాళ్లు అందిస్తే చెల్లదన్నాడు తాసీల్దారు. మూడుసార్లడిగాడు. నేను నోరు విప్పలా. వరసలో తర్వాత బసవపున్నయ్య. అతనికి రాశారు."

తిరుపతిరావు నోరు తెరిచాడు. "విప్పలేదా! మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"నన్నెవరడిగారు? మీలో మీరే అతన్ని తిట్టుకున్నారు."

"పేరు చెప్పడానికేమైందే నీకు?"

"మొగుడి పేరు నోటితో అంటే ఆయన ఆయుష్షు తరుగుతుందనేవాళ్లు. ఆయనేమో ఊరుగాని ఊళ్లో ఉన్నారు. నీకాయన పేరు పెట్టారనే, నిన్నీనాటికీ బుజ్జీ అంటున్నా."

ఉషశ్రీ గొంతు సవరించుకుంది. "పోన్లెండి మామ్మగారూ. తాతగారు క్షేమంగా తిరిగొచ్చారు కదండీ?"

సుబ్బరత్నం కొంగు సర్దుకుంది.

"మర్నాడు కార్డొచ్చిందమ్మా. జ్వరమొచ్చి ఆయన పోయి అప్పటికే మూడు రోజులట. లేని ఆయుష్షు కోసం నేను పోగొట్టింది ఎకరం డెబ్భై రెండు సెంట్లు."