పాలు మాన్పించే విందు

మిట్టమధ్యాహ్నం ఒక మనిషి బేత్లెహేములో అమర్యా గుమ్మం ముందుకు వచ్చి నిలబడ్డాడు.

కాళ్లకు చెప్పుల్లేవు. మడమలు చిట్లి నెత్తురు కారుతోంది.

"ఇంట్లో రెండేళ్లలోపు మగపిల్లలున్నారా?"

"ఎందుకు లేరూ! నా మనవడు యామీను. రేపే వాడికి పాలు మాన్పించే విందు. లోపలికి రా నాయనా, రొట్టె తిందువు గాని," అన్నాడు అమర్యా.

"విందు మానుకోండి. పిల్లాణ్ణి తీసుకుని ఈ పూటే ఊరు దాటండి. రాజుగారి దండు వస్తోంది. మగ పసివాళ్లందర్నీ చంపమని ఆజ్ఞ."

అమర్యా పగలబడి నవ్వాడు.

"పాలు తాగే పిల్లలతో రాజుకేం తగాదా అబ్బీ?"

"సొంత కొడుకుల్నే చంపించిన రాజు కదా, మామయ్యా," అంది కోడలు తిర్సా, బిడ్డను చంకకు అదుముకుని.

"నువ్వూరుకో. ఆమధ్య గలిలయ నుంచి వచ్చిన మా చుట్టమూ ఇంతే. చుట్టాల గదిలో పెద్దవాళ్లున్నారని నిండు చూలాలైన అతని పెళ్లానికి మా మధ్యనే చోటిచ్చాం. మా ఆడవాళ్లే పురుడు పోశారు. ఆచారం ప్రకారం బిడ్డకు ఉప్పు రుద్ది, గుడ్డలు చుట్టి, అదుగో, ఆ పశువుల తొట్టిలో పక్క వేశారు. అంత చేస్తే, మొన్న చెప్పా పెట్టకుండా ముగ్గురూ పోయారు!"

"బతికిపోయారు," అన్నాడు ఆ మనిషి మెల్లగా.

విందుకు వచ్చిన ముసలాళ్లు చుట్టాల గదిలోంచి తొంగిచూశారు.

"ఇదంతా నీకెవరు చెప్పారు?" అడిగాడు అమర్యా.

"అది అడక్కండి."

"ఏ ఊరు నీది?"

ఆ మనిషి వెనక్కి తిరిగి దారికేసి చూశాడు.

"వీడి ఎత్తు నాకు తెలిసిందిలేరా," అన్నాడు అమర్యా పినతండ్రి. "నిరుడు గొర్రెలు ఈనే కాలంలో ఒకడు సింహం, సింహం అని అరిచాడు. అందరం పరుగెత్తాం. తిరిగొచ్చేసరికి దొడ్డిలో ఒక్క గొర్రెపిల్ల లేదు. ఊరు ఖాళీ చేయించి దోచుకుందామని వచ్చాడు వీడు!"

నలుగురూ కలిసి అతణ్ణి తొట్టి పక్క గుంజకు కట్టేశారు.

కండలు తిరిగిన మనిషి. అయినా పెనుగులాడలేదు.

"నువ్వైనా వెళ్లు తల్లీ," అన్నాడు తిర్సాతో.

"మామయ్యా, మా పుట్టిల్లు ఎంత దూరం? ఒక్క రోజు పిల్లాణ్ణి తీసుకుని..."

"ఊరందర్నీ పిలిచి, పిల్లాడు లేడంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను? వెళ్లి పిండి కలుపు."

మొగుడు మందతో కొండల మీద ఉన్నాడు. ఆమె తరఫున మాట్లాడేవాళ్లు లేరు.

తిర్సా పిండి కలిపింది. బిడ్డను మాత్రం వీపు మీంచి దించలేదు.

తెల్లవారింది. వీధిలో గుర్రాల చప్పుడు.

అమర్యా ఎదురెళ్లాడు.

"సమయానికి వచ్చారు దొరా! దొంగను పట్టి కట్టేశాం. తీసుకుపోండి."

దండు అధికారి తల వంచి లోపలికి వచ్చాడు. గుంజ దగ్గర నిలబడి కాసేపు చూశాడు.

కట్టేసి ఉన్న మనిషి మాత్రం తిర్సా వీపు మీది పిల్లాణ్ణే చూస్తున్నాడు.

"వీడు దొంగ కాదు తాతా," అన్నాడు అధికారి, కత్తి దూస్తూ. "ఈ పని నావల్ల కాదని నిన్న మా దండులోంచి పారిపోయినవాడు."