జప్తు గది తాళం

“మళ్ళీ రేపేనా సార్?” అన్నాడు తాళాలు బాగుచేసేవాడు, కోర్టు కాగితం బల్ల మీద పెడుతూ.

హెడ్డు కానిస్టేబులు తలెత్తలేదు. స్టేషన్‌లో జప్తు సామాను గదికి ఆయనే బాధ్యుడు. “సంతకం కావాలయ్యా. ఎస్సైగారు ఊళ్ళో లేరు,” అన్నాడు. ఎస్సైగారు పక్క గదిలో దగ్గుతూనే ఉన్నారు.

తాళాలవాడు ఆ దగ్గు విని కూడా విననట్టు వెళ్ళిపోయాడు. నాలుగు తిట్టి పోయినా బాగుండేది, హెడ్డుకి ఇంత గుచ్చుకునేది కాదు.

నగల కొట్టులో దొంగతనం జరిగినప్పుడు అనుమానం మీద ఇతన్ని పట్టుకొచ్చి, పనిముట్ల పెట్టె జప్తు చేశారు. కేసు నిలబడలేదు. కొట్టుకి వేసిన తాళం దాని చెవితో తప్ప దేనితోనూ రాదని కంపెనీ మనిషే బోనెక్కి చెప్పాడు. అలాంటి తాళం మొహమే ఎరగనని ఇతనూ చెప్పాడు. జడ్జిగారు విడుదల చేసి, పెట్టె తిరిగిచ్చెయ్యమని కాగితం రాసిస్తూ, “చట్టం ఒప్పకుండా పౌరుడి ఆస్తిని ఒక్క పూట అట్టిపెట్టుకునే అధికారం కూడా ప్రభుత్వానికి లేదు. ఇది రాజ్యాంగం మాట,” అని పోలీసులకి గట్టిగా చీవాట్లు పెట్టారు. కంపెనీ మనిషి మాట మాత్రం ఎస్సైగారికి తెగ నచ్చేసింది. ఆ రకం తాళమే తెప్పించి జప్తు గదికి వేయించారు.

దాని చెవిని కాస్తా హెడ్డు మురుగుకాలవలో పారేసుకున్నాడు. వంగి బూటు తాడు కట్టుకుంటుంటే జేబులోంచి జారిపోయింది. ఈ సంగతి బయటపడితే ఉద్యోగం ఊడుతుంది.

సాయంత్రం ఇంటికెళ్తుంటే బజార్లో తాళాలవాడు బస్తాలు మోస్తూ కనిపించాడు. హెడ్డు తేలు కుట్టిన దొంగలా సందులోకి తప్పుకున్నాడు. ‘వాడి నోటి దగ్గర కూడు నేను తన్నేశాను,’ అనుకున్నాడు. ఆ పూట ముద్ద దిగలేదు.

మర్నాడు ఎస్సైగారు బయటికెళ్ళగానే మళ్ళీ వచ్చిన తాళాలవాణ్ణి జప్తు గది ముందుకి తీసుకెళ్ళాడు.

“తమ్ముడూ, సంతకమూ లేదు, గింతకమూ లేదు. తాళంచెవి పోగొట్టాను. నా ఉద్యోగం కోసం నీ పొట్ట కొట్టాను. నువ్వేమైనా చెయ్యగలవా?”

తాళాన్ని చూడగానే అతని మొహం పాలిపోయింది.

“వద్దు సార్. నేను రేపే వస్తాను.”

“నిన్ను ఇరికిస్తాననుకుంటున్నావా? నా పిల్లల మీద ఒట్టు!”

అతను వీధి గుమ్మం వైపు ఒకసారి చూశాడు. చివరికి గొడుగు ఊచ ఒకటి అడిగి పుచ్చుకుని, “అటు తిరగండి సార్,” అన్నాడు. హెడ్డు అటు తిరిగాడో లేదో, టక్కుమంది.

హెడ్డుకి ప్రాణం లేచొచ్చింది. లోపలికి పరిగెత్తి పెట్టె తెచ్చి అతని చేతుల్లో పెట్టాడు. కళ్ళనీళ్ళతో రెండు చేతులూ జోడించాడు.

“తప్పు చేయనివాణ్ణి ఏడిపించాను. నన్ను క్షమించు తమ్ముడూ.”

“నాకు దణ్ణం పెట్టకండి సార్,” అన్నాడతను. “మీరు మీ తప్పు ఒప్పుకున్నారు.”

“పెద్ద మనసయ్యా నీది!” హెడ్డు కళ్ళు తుడుచుకుని నవ్వేశాడు. “అయినా భలేవాడివే! కంపెనీవాడే రాదన్న తాళాన్ని మొదటిసారే తీసేశావు!”

అతను తల దించుకున్నాడు.

“రెండోసారి, సార్.”