నడిచెళ్ళిన బంతి

అడవిలో నక్కలకీ తోడేళ్ళకీ ఫుట్‌బాల్ పోటీ పడిందంటే బంతి, ఒళ్ళంతా పొలుసులున్న అలుగమ్మే. ఆటకు ముందు రెండు జట్లూ ఆమెకు కడుపునిండా చెదలు పెట్టేవి. ఎవరి కాలైనా తన మీదికి రాగానే అలవాటుకొద్దీ ఆమె గుండ్రంగా చుట్టుకుపోయేది. ఇక తన్నులే తన్నులు.

"నీ కోసమే ఆడుతున్నాం అలుగమ్మా!" అంది విరామంలో నక్క.

"వాళ్ళకంటే మెత్తగా తంతాం, మమ్మల్ని గెలిపించు," అంది తోడేలు.

వాచిన వీపు సలుపుతుంటే అలుగమ్మకు ఒళ్ళు మండింది. "ఎవరు గెలిచినా పగిలేది నా వీపేగా!" అంది. ఆట మళ్ళీ మొదలైనా చుట్టుకోలేదు. నాలుగు కాళ్ళ మీద లేచి, చెదపుట్టల వైపు దర్జాగా నడిచింది.

నక్కలూ తోడేళ్ళూ తొలిసారి ఒక్క గొంతుతో అరిచాయి: "బంతి లేకుండా మేమెలా ఆడాలి?"

"ఒకర్నొకరు తన్నుకోండి!" అంది అలుగమ్మ, వెనక్కి తిరక్కుండానే.